తోడుకోని పాలు

ఆ ఏడు వానాకాలం మల్లెలంకలో పాలు తోడుకోవడం మానేశాయి.

ఒకరింట్లో ఇద్దరింట్లో కాదు, కాలవకి ఇవతలి గట్టున ఉన్న ఇళ్ళన్నిటిలోనూ అదే గోల. గోరువెచ్చటి పాలలో తోడు వేసి మూత పెడితే తెల్లారేసరికి అవి పాలుగానే ఉండేవి. విరిగేవి కావు, పులిసేవీ కావు. ఇడ్లీకి రుబ్బిన పిండి పొంగకుండా ముద్దలా పడి ఉండేది. ఆడవాళ్ళు ముందు పాలు పోసే అప్పన్నను తిట్టారు. తర్వాత గిన్నెలను చింతపండు పెట్టి తోమారు. ఆ తర్వాత ఎవరి చేతులు వాళ్ళు చూసుకుని, ఏ దిష్టి తగిలిందో అనుకున్నారు.

అసలు కారణం ముందుగా కనిపెట్టింది హైమవతి. కనిపెట్టిన రోజున ఆమెకు అన్నం సయించలేదు. ఎందుకంటే ఆ కారణాన్ని ఊళ్ళోకి తెచ్చింది ఆమే.

కడియం నర్సరీలు దాటి కాలవ గట్టు వెంట పోతే మల్లెలంక వస్తుంది. అక్కడ అరటి రైతులు సంఘంగా కూడి చిన్న టిష్యూ కల్చర్ ల్యాబు పెట్టుకున్నారు. తెగులు లేని మంచి చెట్టు పిలకను తెచ్చి, పొరలన్నీ ఒలిచి, నడుమనున్న మొవ్వును సీసాలో పెట్టి పెంచితే దాన్నుంచి వేల మొక్కలు తీయొచ్చు. సీసాలో మొక్కకు వేసే మేత చక్కెర కలిపిన జావలాంటిది. అది మొక్కకెంత ఇష్టమో బూజుకూ అంతే ఇష్టం. బురదలోంచి వచ్చిన పిలక మీద కంటికి కనపడని క్రిమి ఒక్కటి మిగిలినా వారం తిరక్కుండా సీసా అంతా బూజు పడుతుంది. అందుకని సీసాలోకి దించే ముందు మొవ్వును మందుతో కడగాలి. ఆ మందు పాదరసం ఉప్పు. క్రిమిని చంపడంలో దానికి సాటి లేదు. మనిషిని చంపడంలోనూ పెద్దగా తీసిపోదు, కాకపోతే నెమ్మది మీద.

ల్యాబు మొదలైన నాటి నుంచీ ఆ కడిగే పని ఫణిభూషణరావు మాష్టారు ఇంకెవరినీ చెయ్యనిచ్చేవారు కాదు. ల్యాబుకు పెద్ద ఆయనే. కింద పనిచేసేవాళ్ళంతా ఆడవాళ్ళు. "మీరు పిల్లల్ని కనాల్సినవాళ్ళు, పాలివ్వాల్సినవాళ్ళు. ఈ గది గడప తొక్కకండి" అని తలుపు వేసుకుని ఒక్కరే కడిగేవారు. ఎమ్మెస్సీ పూర్తిచేసి చేరిన హైమ, "నాకు నేర్పండి మాష్టారూ, మీకు సాయంగా ఉంటుంది" అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. "నేర్చుకోడానికి ఇంకా చాలా ఉన్నాయి అమ్మాయ్. ఇది వద్దు."

ఏళ్ళు గడిచాయి. మాష్టారి చేతులు వణకడం మొదలైంది. తర్వాత చిగుళ్ళు పాడయ్యాయి. కారం తగిలితే నోరు మండిపోయేది, పులుపు తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఏం తిన్నా ఇనుము నాకినట్టే ఉండేది. చివరికి మెత్తటి పెరుగన్నం ఒక్కటే ఆయనకు ఆహారమైంది. పట్టకారుతో మొవ్వును పట్టుకోలేని రోజున తెల్ల కోటు విప్పి హైమ చేతిలో పెట్టారు.

ఈలోగా హైమకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారు. వాళ్ళు ఆడుకోవడం చూసినప్పుడల్లా ఆమెకు మాష్టారి చేతులే కళ్ళముందు ఆడేవి. ఆ మందు తను ముట్టదు, తన కిందివాళ్ళను ముట్టనివ్వదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు గాని, మనసులో తేల్చేసుకుంది.

తేల్చుకోవడం వేరు, పని జరగడం వేరు. బ్లీచింగు నీళ్ళతో కడిగితే వానాకాలంలో సగానికి పైగా సీసాలు బూజుపట్టేవి. మోతాదు పెంచితే మొవ్వే మాడిపోయేది. అవతల అమృతపాణి అరటి తోటలను తెగులు ఊడ్చేస్తోంది. మంచి మొక్కల కోసం రైతులు ల్యాబు గుమ్మంలో కూర్చుంటున్నారు. "పాత మందే వాడెయ్యరాదా అమ్మా" అని సంఘం పెద్దలు మెత్తగానే అన్నారు. హైమ వినలేదు.

పాల గొడవకు ముందటేడు కాలవ పొంగి ల్యాబు వెనక వసారాలోకి నీళ్ళొచ్చినప్పుడు, పారబోయడానికి పెట్టిన సీసాల్లో కొన్నిటి మూతలు ఊడి లోపలికి కాలవ నీళ్ళు చేరాయి. వాటిని కడగబోతూ హైమ ఒక సీసా దగ్గర ఆగిపోయింది. పక్క సీసాలన్నీ నల్లగా, తెల్లగా, పచ్చగా కుళ్ళిపోయి ఉంటే, ఆ ఒక్కటి మాత్రం అద్దంలా ఉంది. అందులోని మొవ్వు ఇంకా పచ్చగానే ఉంది.

ఆ నీటిచుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టింది. కామా గుర్తులాంటి ప్రాణులు బాణాల్లా దూసుకుపోతున్నాయి. ఎదురైన క్రిమిని ఢీకొని, దానికి కన్నం పెట్టి లోపలికి దూరి, లోపలంతా తినేసి, పిల్లలతో సహా బయటికొచ్చి మళ్ళీ వేటకు పోతున్నాయి. మొక్క జోలికి మాత్రం వెళ్ళడం లేదు. క్రిములన్నీ అయిపోయాక తినడానికేమీ లేక ఒక్కొక్కటే కదలడం మానేశాయి. ఆమె చూస్తూ ఉండగానే చుక్క మొత్తం నిశ్చలమైపోయింది.

హైమ వాటికి వేటగాళ్ళని పేరు పెట్టింది. బూజును కూడా తినేలా వాటిని తరాలకు తరాలు పెంచి మలిచింది. ఇక కడగడం ఎంత తేలికో! వేటగాళ్ళున్న నీళ్ళలో మొవ్వును వేసి మూత పెట్టడమే. ఆ నీళ్ళు మసకబారి, మళ్ళీ తేటపడితే పని అయిపోయినట్టు. చేతులు మండవు, దగ్గు రాదు.

మొదటి వరస సీసాలు శుభ్రంగా చిగురించిన రోజున మాష్టారిని పిలిపించి చూపించింది. ఆయన వణికే చేత్తో సీసాను ముట్టుకోబోయి, జారిపోతుందని వెనక్కి తీసుకున్నారు.

"మీ చేతులు బాగుండగా దొరకలేదు మాష్టారూ ఇది" అంది హైమ.

"ఇప్పుడైనా దొరికిందిగా. నీ చేతులు బాగున్నాయి కదా, అది చాలు" అన్నారాయన. ఆ తర్వాత రోజూ పొద్దున్నే వచ్చి ల్యాబులో ఒక మూల కుర్చీలో కూర్చుని, సీసాల్లోని చిగుర్లను చూసుకుని వెళ్ళేవారు.

పాలు తోడుకోకపోవడం ఆ తర్వాతే మొదలైంది.

హైమ ఇంట్లోనూ తోడుకోలేదు. రాజమండ్రి నుంచి పెరుగు తెప్పించి తోడు వేస్తే మొదటి రోజు గడ్డకట్టింది, దాన్ని తోడువేస్తే మర్నాటికి మళ్ళీ పాలే. ల్యాబులో భోజనాల దగ్గర ఆడవాళ్ళు ఇదే మాట్లాడుకున్నారు.

"మా ఇంట్లో ఇడ్లీలు రాళ్ళవుతున్నాయండి" అంది నూకరత్నం. మొవ్వులు కోయడంలో చురుకైన పిల్ల ఆమె. ఇంటి దగ్గర పాలు తాగే పసిబిడ్డ ఉంది. "మా అత్త ఆ పిండి ఎత్తి నా మొహాన్నే కొట్టేలా ఉందండి, ఆయ్!"

అందరూ నవ్వారు. హైమ కూడా నవ్వింది. నవ్వుతూనే, తెచ్చుకున్న క్యారియర్లోని పల్చటి పాలను చూసి ఆగిపోయింది. ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది.

పెరుగు క్రిములు ఒక్కటీ లేవు. ఉన్నవల్లా ఖాళీ తొక్కులు. వాటి మధ్య బాణాల్లా దూసుకుపోతూ వేటగాళ్ళు.

హైమ సీసాలో అవి ఆకలితో చచ్చిపోవడం ఎన్నిసార్లో చూసింది. కాని మొవ్వులను తీసేశాక గిన్నెలు కడిగిన నీళ్ళు తూములోంచి కాలవలోకి పోతున్నాయి. ఆ నీళ్ళలో చావనివి కొన్ని ఉన్నాయి. ల్యాబు ఆడవాళ్ళ చేతుల మీద, చీర చెంగుల మీద మరి కొన్ని. సీసాలో ఆకలి ఉంటుంది. బయట ఆకలెక్కడిది? మట్టి నిండా, వంటింటి నిండా, మనిషి పొట్ట నిండా వాటికి మేతే.

మనిషి పొట్ట అన్న మాట మనసులో మెదిలేసరికి ఆమె లేచి నిలబడింది. నూకరత్నం ఆ మధ్యాహ్నమే సెలవు అడిగింది. బిడ్డకు విరేచనాలు తగ్గడం లేదు, రాజమండ్రి తీసుకెళ్ళాలని.

మర్నాడు హైమ వెళ్ళేసరికి ఆస్పత్రి పిల్లల వార్డులో బిడ్డ వాడిన తోటకూర కాడలా మంచానికి అతుక్కుని ఉంది. పేరు జాహ్నవి. ఎనిమిది నెలల పిల్ల. సెలైన్ ఎక్కుతోంది. డాక్టరు పేరు ముంతాజ్. నిదానంగా మాట్లాడే మనిషి.

"పొట్టలో ఉండాల్సిన మంచి క్రిములు ఏవీ కనపడటం లేదు. ఎవరో ఊడ్చేసినట్టు ఉంది. ఏ మందు వాడితే ఇలా అయిందో తెలియడం లేదు" అంది డాక్టరు.

"మందు కాదండి" అంది హైమ. నూకరత్నం పక్కనే ఉంది. ఆమెను బయటికి పంపి చెప్పొచ్చు. పంపలేదు. కాలవ నీళ్ళ సీసా మొదలుకొని తూము వరకూ అన్నీ చెప్పింది. చివర్లో నూకరత్నం వైపు తిరిగి, "నా వల్లే జరిగింది నూకరత్నం" అంది.

నూకరత్నం వంగి బిడ్డ అరికాలు పట్టుకుని రుద్దుతూ కూర్చుంది. హైమ తిట్లకు సిద్ధపడే ఉంది. తిడితే బాగుండుననిపించింది.

"రోగం ఏటో తెలీక నిన్నట్నించి నా పేణం పోయిందండి" అంది చివరికి నూకరత్నం. "ఇప్పుడు తెలిసింది. ఇంకోళ్ళయితే దాసేద్దురు. మీరు ఏడవకండి మేడంగారూ. ఏడిస్తే నాకు బయ్యమేస్తది. దానికి విరుగుడు సూడండి."

డాక్టరు ముంతాజ్ బిడ్డను నిలబెట్టే పని తన మీద వేసుకుంది. నీరు తగ్గకుండా, బలం తగ్గకుండా కాచుకుంది. కాని పైనుంచి ఎన్ని మంచి క్రిములు ఇచ్చినా వేటగాళ్ళు తినేస్తున్నారు. వాళ్ళకు లొంగని క్రిమి ఏదైనా ఉంటే తప్ప పొట్ట తిరిగి నిండదని తేల్చి చెప్పింది.

హైమ ఊరికి వచ్చి ల్యాబు మూయించింది. వేటగాళ్ళున్న ప్రతి గిన్నెనూ మరగబెట్టించింది. తూముకు సిమెంటు వేయించింది. సంఘం పెద్దలను, ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. కొందరు గట్టిగానే అరిచారు. కాలవ దిగువన పిల్లిపెసర వేసిన రైతు, నేలలోని మంచి క్రిములు కట్టే బుడిపెలు వేర్లకు పట్టక చేను పసుపుపచ్చగా పాలిపోయిందని మట్టితో సహా మొక్క పీకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. హైమ దాన్ని పక్కకు జరపలేదు. అలాగే ఎదురుగా ఉంచుకుని అందరి మాటలూ వింది.

ఆ తర్వాత మాష్టారి ఇంటికి వెళ్ళింది. ఏం చెయ్యాలో తోచక కాదు. ఈ మాట ఆయనకు తన నోటితోనే తెలియాలని.

మాష్టారు భోజనానికి కూర్చున్నారు. ఆయన భార్య కామేశ్వరి గారు, "సమయానికొచ్చావు, కూర్చో" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. హైమ చెప్పడం మొదలుపెట్టింది. మాష్టారు ముద్ద కంచంలోనే ఉంచి విన్నారు. చెబుతూ చెబుతూ ఆమె చూపు కంచం మీద పడి, మాట ఆగిపోయింది.

అన్నం మీద పెరుగుంది. గరిటె గుర్తు చెరగకుండా నిలబడ్డ గడ్డ పెరుగు.

"పిన్నిగారూ, ఈ పెరుగెక్కడిది?"

"ఎక్కడిదేవిటే, ఇంట్లోదే."

"మీకు తోడుకుంటోందా?"

"ఇప్పుడు తోడుకుంటోంది గాని, అబ్బో, ఎంత ఏడిపించిందనుకున్నావ్! ఊళ్ళో అందరికంటే ముందు నాకే మొదలైంది ఈ గొడవ. ఈయన మీ ల్యాబు నుంచి రావడం, వంటింట్లో గిన్నెలన్నీ కెలకడం. బజారు పెరుగు పులుపు, ఈయన నోరు ఓర్చుకోదు. ఏం చెయ్యను? గిన్నె అడుగున ఏ కాస్త చిక్కగా కనపడినా దాన్నే తీసి మర్నాటి పాలల్లో వేసేదాన్ని. నీళ్ళలాగే ఉండేది. అదే కలిపి పెట్టేదాన్ని. ఈయన ఒక్కనాడూ బాగాలేదన్లేదు, నోరు మూసుకుని తినేవారు. అలా వేసీ వేసీ, రోజురోజుకూ కాస్త గట్టిపడుతూ వచ్చింది. నేను దాన్ని వదిలేస్తే కదా!"

మాష్టారి ముఖం వెలిగిపోయింది. "హైమా! విన్నావా? రోజూ వేట జరిగింది. దొరికినవి పోయాయి, దొరకనివి మిగిలాయి. ఆ మిగిలినవాటినే ఏరి ఏరి మళ్ళీ పాలలో వేసింది ఈవిడ. నువ్వు వేటగాళ్ళని ఎలా పెంచావో ఈవిడ ఆ ఎరని అలా పెంచింది."

"ఎరేవిటి?" అన్నారు కామేశ్వరి గారు.

హైమ అప్పటికే గిన్నెలోంచి పెరుగు గ్లాసులోకి తీసుకుని గుమ్మం దిగుతోంది.

సూక్ష్మదర్శిని కింద ఆ పెరుగు క్రిములు నింపాదిగా ఉన్నాయి. వేటగాళ్ళు దూసుకొచ్చి ఢీకొని, పట్టు దొరక్క జారిపోతున్నారు. మళ్ళీ వస్తున్నారు, మళ్ళీ జారిపోతున్నారు. ఆ పెరుగు మీద తేరిన తేటలో ఒక చుక్క చాలు, వేటగాళ్ళు కన్నం పెట్టడమే మరిచిపోయినట్టు తిరిగి తిరిగి ఆకలితో ఆగిపోతున్నారు. ఏం చూసినా ఒక్కసారికే నమ్మకూడదని మాష్టారు నేర్పిన పాఠం గుర్తుపెట్టుకుని, హైమ ఆ పరీక్షను మళ్ళీ మళ్ళీ చేసింది. ప్రతిసారీ అదే జరిగింది.

ముంతాజ్ డాక్టరు తొందరపడలేదు. ఆ క్రిమి పసిపిల్లకు హాని చేయదని తన పరీక్షలన్నీ చేయించుకున్నాకే, చెంచాతో మొదలుపెట్టింది. కామేశ్వరి గారు రోజూ తొలి బస్సుకు రాజమండ్రి వెళ్ళేవారు. ఒళ్ళో స్టీలు డబ్బా, దాని చుట్టూ తువ్వాలు. కండక్టరు "అమ్మగారూ, బంగారమా ఏటండీ అది?" అంటే, "నువ్వు టిక్కెట్టు కొట్టు నాయనా" అనేవారు.

జాహ్నవి వెంటనే కోలుకోలేదు. ఒక పూట బాగుంటే మరో పూట మళ్ళీ మొదటికొచ్చేది. ఒకనాడు బిడ్డ ఆకలికి కేరుమని ఏడిచింది. ఆ ఏడుపు విని నూకరత్నం పకపకా నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. "సూడండి పిన్నిగారూ, ఆకలంటోంది!" అని కామేశ్వరి గారిని పట్టుకుని ఊపేసింది.

మల్లెలంకలో మాష్టారి ఇంటి ముందు రోజూ పొద్దున్నే గిన్నెల వరస కట్టింది. కామేశ్వరి గారు అందరికీ తలా చెంచాడు తోడు వేసి పంపారు. ఇంటింటికీ అది చేరాక పాలు తోడుకున్నాయి, పిండి పొంగింది. దిగువ చేలకు మజ్జిగ తేట కలిపిన నీళ్ళు పారించారు. పిల్లిపెసర ఆ పంట కారుకు పోయినట్టే, కాని వచ్చే కారుకు నేల తిరిగొస్తుందని రైతు ఒప్పుకున్నాడు. ల్యాబులో పనిచేసిన ఇద్దరు మాత్రం భయపడి మానేశారు. హైమ వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, రమ్మని అడక్కుండా, ఇన్నాళ్ళూ చేసినందుకు దణ్ణం పెట్టి వచ్చింది.

అరటి మొవ్వు కడిగే పద్ధతి మారింది. ముందు వేటగాళ్ళ నీళ్ళు. అవి తేటపడ్డాక, కామేశ్వరి గారి పెరుగు మీద తేరిన తేటను క్రిములు లేకుండా వడగట్టి దానితో ఇంకో కడుగు. ఆ రెండో కడుగుతో వేటగాళ్ళు ఆగిపోతారు. కడిగిన నీళ్ళు కూడా బయటికి పోవు, అన్నీ మరిగాకే నేలలోకి. ఊరివాళ్ళే నెలనెలా వచ్చి తూము, కాలవ పరీక్ష చేయించుకునేలా సంఘం తీర్మానం చేసింది. అది అడిగింది హైమే.

పెద్ద యూనివర్సిటీ వాళ్ళొచ్చి ఆ పెరుగు క్రిమికి ఏం పేరు పెడదామని అడిగితే, హైమ కామేశ్వరి గారి పేరు చెప్పింది. ఆవిడ రెండు చేతులూ ఊపారు. "నా పేరు పురుక్కా! నాకొద్దు తల్లీ!" అన్నారు. మాష్టారు చాలా ఏళ్ళ తర్వాత కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. "నా ప్రాణం నిలబెట్టిన చెయ్యి అది కామేశ్వరీ. నేనెప్పుడూ చెప్పలేదు, అంతే" అన్నారు నవ్వు మధ్యలో. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, కాఫీ పెట్టే వంకతో లోపలికి వెళ్ళిపోయారు.

ల్యాబు మళ్ళీ తెరిచిన రోజున నూకరత్నం వచ్చింది. వస్తుందని హైమ అనుకోలేదు. చంకలో జాహ్నవి ఉంది. బుగ్గలు కొంచెం పూడాయి, కళ్ళు మాత్రం ఇంకా ముఖానికి పెద్దవిగానే ఉన్నాయి.

"మేడంగారూ, ఆటిని నాకోసారి సూపిత్తారా?" అంది నూకరత్నం.

"వేటినే?"

"అయ్యే. నా పిల్ల పొట్టలోకి దూరినయ్యి."

హైమ వేటగాళ్ళున్న నీటిచుక్క ఒకటి అద్దం మీద వేసి, సూక్ష్మదర్శిని ముందు స్టూలు జరిపింది. నూకరత్నం బిడ్డను ఒళ్ళో సర్దుకుని కన్ను ఆనించింది. చాలాసేపు చూసింది. కుర్చీలో కూర్చున్న మాష్టారు కూడా ముందుకు వంగి చూస్తున్నారు.

"ఇంతేనా ఇయ్యి?" అంది చివరికి, కన్ను తీయకుండానే. "ఇంత సిన్నయ్యా!" ఇంకాసేపు చూసి, మెల్లగా అంది. "పాపం, ఆటికీ ఆకలే కదండీ."

హైమ చేతులు జోడించబోయింది, నూకరత్నం ఆ చేతుల్లో బిడ్డను పెట్టేసింది.

"పట్టుకోండి. చేతులు కడుక్కుని వస్తాను. ఇవాళ ఎన్ని పిలకలున్నాయి కొయ్యడానికి?"